నాలుగు క్వింటాళ్ల పాటలు

ఎల్‌పీ గ్రామఫోన్ రికార్డుల సంఖ్య పదిహేను వందలు దాటాక గానీ, వాటిని ఇంట్లో దాచుకోవడమంటే ముందుగా బరువును మోయించడమేనని నాకు అర్థం కాలేదు. అట్టతో కలిపి ఒక్కో రికార్డు పావు కిలో నుంచి మూడు వందల గ్రాముల దాకా తూగుతుంది. చేతిలోకి తీసుకుంటే అదేమంత బరువనిపించదు. కానీ మీటరు పొడవున్న అరలో రెండు వందల యాభై వరకు పడతాయి కాబట్టి, ఆ ఒక్క చెక్క మీదే దాదాపు డెబ్బై కిలోల భారం నిలుస్తుంది. నా దగ్గరున్నవన్నీ కలిపితే నాలుగు క్వింటాళ్లు.

మొదట్లో వాటిని పుస్తకాల బీరువాలోనే సర్దాను. ఒకనాడు కింది అరలోంచి ఒక రికార్డును తీయబోతే అది కదలలేదు. వంగి చూస్తే పై చెక్క మధ్యలో కిందికి దిగి, అట్టల పైఅంచులను నొక్కిపట్టి ఉంది. పరచినట్టుగా పడే బరువు కింద చెక్క పొడవు రెట్టింపైతే దాని వంపు పదహారు రెట్లవుతుందని, మందం రెట్టింపైతే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుందని ఆ తర్వాతే తెలుసుకున్నాను. అందుకే వడ్రంగి చేత కొత్తగా చేయించినప్పుడు పొడవాటి అరలు వద్దని, నలభై సెంటీమీటర్లకొక నిలువు చెక్కతో గళ్లుగా విడగొట్టించాను. అట్ట కొలత ముప్పై ఒకటిన్నర సెంటీమీటర్లు కనుక గడి లోపలి ఎత్తు ముప్పై నాలుగు ఉంచాము. బీరువాను గది నడుమ కాక గోడ వారగా నిలిపి, ముందుకు పడకుండా పైభాగాన్ని గోడకు బిగించాము.

ఆ నిలువు చెక్కలు ఇంకో మేలు కూడా చేశాయి. రికార్డు నిటారుగా నిలబడి ఉండాలి. పక్కకు ఒరిగితే, ముఖ్యంగా వేడి తగిలే చోట, కాలక్రమేణా వంకర తిరుగుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగున ఉన్నవాటి అట్టల మీద గుండ్రని అరుగుదల గుర్తు పడుతుంది. అలాగని బిగించి కుక్కకూడదు. పక్కవాటిని లాక్కురాకుండా ఒక్కటే సులువుగా బయటికి వస్తే ఆ వరుస సరిగ్గా ఉన్నట్టు లెక్క.

నేను చేసిన అసలు తప్పు తొడుగుల విషయంలో జరిగింది. అట్టలు నలగకూడదన్న ఆత్రంతో, అద్దంలా మెరిసే మందపాటి పీవీసీ ప్లాస్టిక్ తొడుగులు తెచ్చి, లోపలి కాగితపు సంచులు చిరిగిపోయిన కొన్ని రికార్డులను నేరుగా వాటిలోనే పెట్టాను. కొన్నేళ్లకు తీసి చూస్తే నల్లని ఉపరితలం మీద ఊపిరి తగిలిన అద్దంలా మసక పరుచుకుంది. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం మెల్లగా బయటికి వచ్చి రికార్డును అంటుకుంటుందట. ఎన్నిసార్లు కడిగినా ఆ మసకా పోలేదు, దానితో వచ్చే బుసబుస శబ్దమూ పోలేదు. ఇప్పుడు లోపలి సంచులన్నీ పాలిథిలిన్‌వే వాడుతున్నాను. కొత్త రికార్డు మీద బిగుతుగా చుట్టి వచ్చే పల్చటి పొరను కూడా తీసేస్తాను, ఎందుకంటే అది ముడుచుకుపోయే కొద్దీ అట్టతో పాటు రికార్డునూ వంచగలదు.

గ్రంథాలయాల వంటి చోట్ల ఇరవై డిగ్రీలకు అటూ ఇటూ వేడిమి, నలభై నుంచి యాభై శాతం తేమ ఉండేలా చూస్తారు. ఇంట్లో అంత కచ్చితంగా కుదరదు. ఎండ పడని లోపలి గోడను ఎంచుకుని, నేలకు జానెడు ఎత్తున పీఠం కట్టించి, వెనుక గాలి ఆడేలా కాస్త ఎడం వదిలాను. చెమ్మకు ముందుగా బూజు పట్టేది రికార్డుకు కాదు, అట్టకే.

లక్కతో చేసిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 ఆర్‌పీఎం పళ్లేలకు వేరే గడి ఇచ్చాను. అవి బరువెక్కువ, పెళుసు, పైగా చాలావరకు పది అంగుళాలవే. పన్నెండు అంగుళాల వాటి మధ్య పెడితే రెండింటికీ సరైన ఆనిక దొరకదు.

ఇక అక్షర క్రమంలో సర్దడం. కొత్తగా ఒక్కటి కొన్నా దాని తర్వాతివన్నీ జరపవలసి వస్తుంది కనుక ఇరవై గళ్లలోనూ నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, రికార్డులు ఆ ఖాళీలోకి ఒరగకుండా ఒక్కో చెక్క దిమ్మ పెట్టాను. నిరుటికి ఇరవై దిమ్మలుండేవి. ఇప్పుడు ఏడు ఉన్నాయి. తీసేసిన పదమూడూ మంచం కింద ఉన్నాయి.