గెయిన్ తగ్గించినా అదే గోల

"అన్నా, బాక్స్ పోయినట్టుంది, కొత్తది కొనాలేమో" అంటున్నాడు మా పిన్ని కొడుకు. హెడ్‌ఫోన్స్‌లో వాడి గిటార్ చిరిగిన స్పీకర్‌లా బరబరలాడుతోంది.

వాడు బాక్స్ అంటున్నది ఇంటర్‌ఫేస్‌ని, గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే డబ్బా. సిగ్నల్ మరీ ఎక్కువైతే దాని మీద వెలిగే ఎర్ర లైటు వెలగట్లేదు. గెయిన్, అంటే లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్, తగ్గించాక ఎంత గట్టిగా మీటినా లెవల్ మైనస్ 12 డీబీ దాటట్లేదు. అంటే క్లిప్పింగ్, అదే సిగ్నల్ హద్దు దాటి చిరిగిపోవడం, ఇక్కడ కాదు. కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలుగా పోగేసుకునే బఫర్‌ని 512కి పెంచి చూశాం, ఊహూఁ. అయినా బఫర్ చాలకపోతే మధ్యమధ్యలో టిక్కుటిక్కుమంటుంది గానీ, ప్రతి స్వరాన్నీ ఇలా గీకదు.

గిటార్ పక్క భాగంలోనే బిగించి ఉన్న ప్రీఆంప్ (సిగ్నల్‌కి బలమిచ్చే చిన్న సర్క్యూట్) మూత తీశాం. లోపల 9 వోల్టుల బ్యాటరీ. మల్టీమీటర్ పెడితే 6 కూడా చూపించలేదు! కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ ఆ ప్రీఆంప్ ఆన్‌లోనే ఉంటుంది, మావాడేమో రాత్రంతా గుచ్చే వదిలేస్తాడు. వోల్టేజీ పడిపోతే పెద్ద సిగ్నల్‌ని అది మోయలేదు. శబ్దం ఇంటర్‌ఫేస్‌కి చేరకముందే నలిగిపోతుంది. ఇక సాఫ్ట్‌వేర్‌లో వాల్యూమ్ ఫేడర్ ఎంత దించినా ఆ నలిగిన శబ్దమే కాస్త చిన్నగా వినిపిస్తుంది, అంతే. వేలు పోసి కొత్త బాక్స్ కొన్నా ఇదే గోల ఉండేది.

కింద కిరాణా కొట్లో పెన్సిల్ సెల్స్ తప్ప లేవన్నాడు. ఈ ట్రాఫిక్‌లో చిక్కడపల్లి నుంచి కోఠికి ఎవరు పోతారు? మల్టీమీటర్‌లోదీ 9 వోల్టుల బ్యాటరీయే కదా, పీకి గిటార్‌లో పెట్టేశాం. తీగ తీగా విడివిడిగా, శుభ్రంగా వినిపించింది.

రేపు కోఠి వైపు ఎవరైనా వెళ్తుంటే ఒక బ్యాటరీ పట్రండి, ఫోన్‌పే చేస్తా.