నిచ్చెన కోసం మూడు జెల్స్

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో మేడమ్ ఇచ్చిన పని వినడానికి చిన్నదే. కాలా-అజార్ జ్వరం తెచ్చే లీష్మేనియా డోనోవానీ అనే పరాన్నజీవికి మిల్టెఫోసిన్ మందు వేయాలి. అది చచ్చేటప్పుడు దాని డీఎన్ఏ ఎలా తెగుతుందో జెల్ మీద, అంటే డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే పలక మీద, చూపించాలి.

మన కణాలు పద్ధతిగా చనిపోయేటప్పుడు కాస్పేస్‌లనే ఎంజైమ్‌లు ఆ పని నడిపిస్తాయి. లీష్మేనియాకు అవి లేవు. దానికున్న ఒకే ఒక్క మైటోకాండ్రియాలో మాత్రం ఎండోన్యూక్లియేజ్-జి అనే కత్తెర ఉంది. మామూలు రోజుల్లో అక్కడే బుద్ధిగా ఉండి, చావు దగ్గరపడ్డాక బయటికొచ్చి కేంద్రకంలో దూరుతుంది. ప్రొటీన్ ఉండలకు చుట్టుకున్న డీఎన్ఏని ఉండకీ ఉండకీ మధ్య కోస్తుంది. అందుకే ముక్కలు సుమారు 200 బేస్ జతలు, 400, 600 ఇలా నిచ్చెన మెట్లలా కనిపించాలి.

నాకు మెట్లు రాలేదు. జెల్‌లో శాంపిల్ పరిగెత్తే గీత, అదే లేన్, పొడవునా సున్నం పులిమినట్టు స్మియర్. మందు చాల్లేదేమోనని డోసు రెట్టింపు చేశాను. రెండో జెల్ ఇంకా ఘోరం. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర లేదు.

పొద్దున్నే ఫొటో చూసి మా సీనియర్ అక్క ఒకటే అడిగింది. “చస్తుండగా తీశావా, చచ్చి కుళ్ళాక తీశావా?”

డోసు మరీ ఎక్కువైతే కణాలు పగిలిపోతాయి, డీఎన్ఏ ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. “సరే, లైసిస్ బఫర్‌లో ఈడీటీఏ వేశావా?” అంది. డీఎన్ఏ తీయడానికి కణాలను కరిగించే ద్రవమే లైసిస్ బఫర్. నేను నేల చూశాను.

లీష్మేనియా డీఎన్ఏకి ముడిసరుకైన ప్యూరిన్లను సొంతంగా తయారు చేసుకోలేదు, బయటినుంచి తెచ్చుకోవాల్సిందే. అందుకు దాని ఒంటిమీదే 3'-న్యూక్లియోటిడేజ్/న్యూక్లియేజ్ అనే ఇంకో కత్తెర ఉంటుంది. మన న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు) డీఎన్ఏతో వల వేసి పట్టుకోబోతే ఆ వల నుంచి తప్పించుకోవడానికీ పరాన్నజీవికి ఇదే సాయం. ఈ కత్తెరలు ఆడాలంటే మెగ్నీషియం, జింక్ లాంటి లోహాలు కావాలి; ఈడీటీఏ వాటిని లాగేసుకుంటుంది. నేను వేయలేదు కాబట్టి ఆ తిండి కత్తెరే నా శాంపిల్‌నీ నమిలేసి ఉంటుందని అక్క అనుమానం. నాకైతే నిజమే అనిపించింది.

మూడోసారి డోసు తగ్గించాను, ఈడీటీఏ వేశాను, శాంపిల్‌ని గట్టిగా కుదిపే వోర్టెక్స్ మెషీన్ జోలికి పోలేదు. యూవీ కింద మెట్లు వచ్చాయి! తీరా చూస్తే మందు వేయని లేన్‌లో కూడా సన్నగా రెండు మెట్లు.

నేను పెంచుతున్న ఆ పరాన్నజీవుల కల్చర్‌కి ఎనిమిదో రోజు. ముదిరిన కల్చర్‌లో కొన్ని వాటంతటవే చస్తాయట. లీష్మేనియా మేజర్ మీద 2006లో వచ్చిన పేపర్ ఒకటి అక్క చదవమని ఇచ్చింది: అలా చస్తున్నవి న్యూట్రోఫిల్స్‌ని చల్లబరిచి, బతికున్నవాటికి దారి ఇస్తాయని. అంటే నా కంట్రోల్ (మందు వేయని లేన్) చెడిపోవడానికీ జబ్బు అంటుకోవడానికీ కారణం ఒకటే!

ఇప్పుడు మూడు రోజులకోసారి కొన్నిటిని కొత్త ద్రవంలోకి మార్చి సబ్‌కల్చర్ చేస్తున్నాను, ఆదివారమైనా సరే.