లైట్లు ఆర్పే నాన్న

కాలిఫోర్నియాలో శాన్ రామోన్, డబ్లిన్ ఊళ్ళ చుట్టుపక్కల ఎంతమంది తెలుగువాళ్ళం ఉన్నామో చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే గోల్డెన్ గేట్ బ్రిడ్జి, లివర్‌మోర్ గుడి, ఓపికుంటే యోసెమిటీ తిప్పి చూపిస్తాం. పక్కనే డాన్‌విల్ కొండ మీద యూజీన్ ఓనీల్ ఇల్లుందని మాత్రం చాలామందికి తెలియదు. నాటక రచయితగా నోబెల్ అందుకున్న అమెరికన్ ఆయనొక్కడే. 1936లో ఆ బహుమతి వచ్చింది. ఆ డబ్బు అండతో 158 ఎకరాలు కొని ఇల్లు కట్టించుకుని, దానికి టావ్ హౌస్ (టావ్ అంటే చైనా తత్వంలో 'దారి') అని పేరు పెట్టుకుని, 1937 నుంచి 1944 దాకా అక్కడే ఉన్నాడు.

మమ్మల్ని బయల్దేరదీసింది మా అమ్మాయి. హైస్కూల్లో డ్రామా తీసుకుంది. ఓనీల్ రాసిన 'లాంగ్ డేస్ జర్నీ ఇంటూ నైట్' చదివినప్పటి నుంచీ వాళ్ళ నాన్నని అదోలా చూసి నవ్వుతోంది. ఎందుకో అడిగితే చెప్పదు. విజయనగరం నుంచి వచ్చిన మా అమ్మ, ఎక్కడికైనా ముందు సీటు ఇస్తేనే వచ్చే మా బాబు, అందరం కలిసి వెళ్ళాం.

సొంత కారులో కొండెక్కనివ్వరు. డాన్‌విల్ ఊళ్ళో నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళ చిన్న బస్సు ఎక్కాలి. టికెట్టు లేదు. "నిజంగా ఫ్రీయేనా?" అని మా ఆయన బస్సులో కూర్చున్నాక కూడా అడిగారు. పిల్ల మళ్ళీ నవ్వింది.

తెల్లటి గోడలు, నల్ల పెంకుల కప్పు, ఎర్రటి తలుపులు. ఎదురుగా లోయ, దాని అవతల మౌంట్ డయాబ్లో. గేటు నుంచి గుమ్మానికి దారి సూటిగా ఉండదు, మలుపులు తిరుగుతూ పోతుంది. దుష్టశక్తులు సూటిగా తప్ప నడవలేవని చైనావాళ్ళ నమ్మకమట, అందుకని అలా వేయించాడట. మా అమ్మకి ఇది బాగా నచ్చేసింది. "వీధిపోటు అంటే నన్ను చూసి నవ్వుతారు గానీ, నోబెల్ వచ్చినాయన కూడా చూసుకున్నాడు కదా" అని అల్లుడికి వినపడేలా అంది. మేం ఇల్లు కొన్నప్పటి పాత లెక్క అది.

లోపల చీకటి ఎక్కువ. పైకప్పులకి ముదురు నీలం, అద్దాలు కూడా నలుపో నీలమో. ఆయన భార్య కార్లొటాకి వెలుతురు పడేది కాదట. మా బాబుకి నచ్చిందల్లా రోజీ అనే పియానో. ఆకుపచ్చ రంగు, దాని మీద గులాబీల బొమ్మలు, మనిషి లేకుండానే వాయిస్తుంది. ఆ తర్వాత కొండవాలులో బ్లెమీ సమాధి. అది వాళ్ళ డాల్మేషన్ కుక్క, 1940లో చనిపోయింది. కార్లొటాని ఓదార్చడానికి ఆ కుక్కే రాసినట్టుగా ఓనీల్ ఒక వీలునామా రాశాడు. ఆ సంగతి విన్న దగ్గర్నుంచీ మా బాబు కుక్కని కొనిపెట్టమని కొత్తగా పేచీ మొదలెట్టాడు.

అమ్మాయి మాత్రం ఆయన రాసుకునే గది దగ్గర ఆగిపోయింది. మూడు తలుపులు దాటితే గానీ ఆ గదిలోకి వెళ్ళలేం. చప్పుడు వినపడకూడదని అలా కట్టించుకున్నాడు. చేతులు వణికే జబ్బు. పోనీ పక్కన ఎవరైనా ఉంటే చెప్పి రాయించుకుందామా అంటే అలా రాయడం ఆయనకి చేతకాలేదు. పెన్సిల్‌తో చీమతలంత అక్షరాలు రాస్తే కార్లొటా భూతద్దం పెట్టుకుని టైపు చేసేది. అమ్మాయి చదివిన 'లాంగ్ డేస్ జర్నీ' నాటకాన్ని 1941లో, వాళ్ళ పన్నెండో పెళ్ళిరోజున ఆవిడ చేతిలో పెట్టాడు. 1943 తర్వాత ఇక రాయలేకపోయాడు.

పిల్ల నవ్వు సంగతి అక్కడే బయటపడింది. నాటకంలో తండ్రి ఐర్లాండ్ నుంచి వలస వచ్చినవాడు. అర్ధరాత్రి ఇంటికొచ్చిన కొడుకు హాల్లో లైటు వదిలేస్తే, కరెంటు కంపెనీని మేపడం ఎందుకని ఆర్పమంటాడు. పెద్ద గొడవవుతుంది. పిసినారినంటావా అని పౌరుషానికి పోయి ఉన్న లైట్లన్నీ తనే వేస్తాడు, కాసేపటికి మనసొప్పక మళ్ళీ తనే ఆర్పుతాడు. "ఇది నాన్నే కదమ్మా!" అంది. మా ఇంట్లో సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా కరెంటుకి పీక్ రేటు, అంటే ఎక్కువ ధర. ఆ ఐదు గంటలూ డిష్‌వాషర్ మీద చెయ్యి వేస్తే మా ఆయనకి టెన్షన్. ఖాళీ పెరుగు డబ్బాల సంగతి సరేసరి.

ఆ తండ్రికి కారణం ఉంది. పదేళ్ళ వయసులో రోజుకి పన్నెండు గంటలు మెషిన్ షాపులో పనిచేశాడు, వారానికి యాభై సెంట్ల జీతానికి. కొడుకులకి ఆ కథ విని విని విసుగు. ఓనీల్ సొంత తండ్రి జేమ్స్ కూడా ఇంచుమించు అంతే. ఐర్లాండ్ నుంచి పసితనంలో వచ్చి, గొప్ప నటుడయ్యే అవకాశం ఉండీ, డబ్బు తెచ్చిపెట్టే 'మాంటే క్రిస్టో' నాటకంలో వేషాన్నే ఏళ్ళ తరబడి వేసుకుంటూ పోయాడు. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో కొడుకు అర్థం చేసుకుని రాసేసరికి యాభై దాటింది. తండ్రి పోయి ఇరవై ఏళ్ళు.

మన ఇళ్ళల్లో ఇదే జరుగుతోందని నాకనిపిస్తుంది. ఎకరం అమ్మి చదివించిన నాన్న కథని పిల్లలకి క్లాసు పీకేటప్పుడే బయటికి తీస్తాం. లైటు ఆర్పనప్పుడు, అన్నం పారేసినప్పుడు. ఇక వాళ్ళకది కథలా ఎందుకు వినిపిస్తుంది? తిట్టులాగే వినిపిస్తుంది. స్విచ్ దగ్గర కాకుండా వేరే ఎక్కడైనా చెప్పి చూడాలి.

ఊనా సంగతి కూడా అక్కడే విన్నాం. ఓనీల్ కూతురు. 1943లో పద్దెనిమిదేళ్ళకే చార్లీ చాప్లిన్‌ని పెళ్ళి చేసుకుంది. చాప్లిన్ వయసు యాభై నాలుగు, సరిగ్గా తండ్రి వయసు. ఓనీల్ మళ్ళీ ఆ పిల్ల మొహం చూడలేదు. "వాళ్ళ నాన్నని క్షమించడానికి అంత పెద్ద నాటకం రాసి, కూతుర్ని మాత్రం క్షమించలేదా?" అని మా అమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "యాభై నాలుగేళ్ళవాడికి ఇస్తే నేనూ చూడను" అంది మా అమ్మ. ఇద్దరి మధ్యా వాదన బస్సు దాకా సాగింది. నాకైతే ఇద్దరూ సగం సగం రైటేననిపించింది.

బస్సు దిగుతుంటే అమ్మాయి వాళ్ళ నాన్నని అడిగింది: "హాస్టల్లో నీకేం పెట్టేవాళ్ళు?" పార్కింగ్ దాకా నీళ్ళ సాంబారు, వారానికొక గుడ్డు, ఆ గుడ్డుకోసం జరిగిన కొట్లాటలు. బాబు కూడా కుక్కని మర్చిపోయి విన్నాడు. ఈయనలో ఇంత హాస్యం ఉందని నాకూ తెలియదు.

వచ్చే వేసవిలో విజయనగరం వెళ్తున్నాం. అక్కడ గురజాడ అప్పారావు గారి ఇంటినీ అలాగే కాపాడి ఉంచారు. 'కన్యాశుల్కం' ఆ ఊళ్ళోనే 1892లో మొదటిసారి ఆడారు, అచ్చులోకి 1897లో వచ్చింది, 1909లో ఆయనే దాన్ని బాగా మార్చి తిరగరాశాడు. అమ్మాయి తెలుగు చదువు ఇంకా కూడబలుక్కునే స్థాయిలోనే ఉంది కాబట్టి గిరీశం మాటలు అమ్మమ్మ చదివి వినిపిస్తుందట. ఆ ఇల్లు లోపల ఎలా ఉంటుందని పిల్ల అడిగితే మా అమ్మ తెల్లమొహం వేసింది. అదే ఊళ్ళో పుట్టి పెరిగి, ఆ వీధిన వెయ్యిసార్లు నడిచి ఉంటుంది, ఒక్కసారీ గుమ్మం ఎక్కలేదు. "ఊళ్ళోనే ఉందిగా, ఎప్పుడైనా చూడొచ్చనుకున్నాం" అంది.