గొల్లలకు దొరికిన ఆనవాలు

క్రిస్మస్ ఆరాధనలో లూకా సువార్త రెండో అధ్యాయం చదువుతుంటే అందరి మనసూ దూతల పాట మీదికే పోతుంది. దానికి కాస్త ముందున్న పన్నెండో వచనాన్ని గబగబా దాటేస్తాం. "దానికిదే మీకానవాలు, ఒక శిశువు పొత్తిగుడ్డలతో చుట్టబడి యొక తొట్టిలో పండుకొని యుండుట మీరు చూచెదరు" అని దూత గొల్లలతో అన్న మాట అది. నాకు మాత్రం పండుగ అసలు సంగతంతా అక్కడే ఉందనిపిస్తుంది.

పాత నిబంధనలో దేవుడిచ్చిన ఆనవాళ్లు చూడండి. న్యాయాధిపతి గిద్యోను అడిగితే గొర్రెబొచ్చు మంచుకు తడిసి, చుట్టూ నేల పొడిగా ఉంది. మర్నాడు అదే తలకిందులైంది. హిజ్కియా రాజు కోసం ఎండగడియారం మీద నీడ పది మెట్లు వెనక్కి నడిచింది. మరి సాక్షాత్తూ రక్షకుడే పుట్టిన రాత్రి గొల్లలకు ఏం చూపించారు? ఒక పసిగుడ్డును. గుడ్డల్లో చుట్టడంలో వింతేమీ లేదు, ఆ కాలంలో ఏ తల్లయినా చేసే పనే. వింతల్లా ఆ తొట్టి. పశువులకు మేత వేసే తొట్టి గొల్లలకు కొత్త కాదు. హేరోదు రాజు కోటలో పుట్టి ఉంటే కావలివాళ్లు వీళ్లను గుమ్మం కూడా తొక్కనిచ్చేవారు కాదు. ఇక్కడికైతే ఎవరి అనుమతీ అడగకుండా, మంద దగ్గర కట్టుకున్న బట్టలతోనే నేరుగా వచ్చేయవచ్చు.

ఆ బిడ్డను ఒక్కసారి దగ్గరగా చూడండి. మెడ నిలవదు. ఆకలేస్తే ఏడవడం తప్ప ఇంకేమీ తెలియదు. తడిసిన గుడ్డ ఎవరో ఒకరు మార్చాలి, ఈగలు వాలకుండా ఎవరో ఒకరు కూర్చుని కాయాలి. లోకాన్ని చేసినవాడే ఇలా ఉన్నాడని చెప్పుకోవడానికి క్రైస్తవులకు చాలా ధైర్యం కావాల్సి వచ్చింది. మనిషిలా కనిపించాడంతే, నిజంగా మనిషి కాలేదు అని సర్దిచెప్పినవాళ్లు మొదటి శతాబ్దాల్లోనే ఉన్నారు. సంఘం ఒప్పుకోలేదు. ఆయన సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి అని 451లో సంఘ పెద్దలు కూడిన కల్కెదోను సభ తేల్చి చెప్పింది. పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను" అన్నదీ దీని గురించే. దేవుడు మనకు సాయం చేస్తాడని చాలామంది నమ్ముతారు. ఒక తల్లి చేతి సాయం లేకపోతే బతకని స్థితికి ఆయనే దిగివచ్చాడన్నది క్రిస్మస్ చెప్పే మాట.

ఈ కష్టాన్ని కళ్లారా చూడాలని కోరుకున్నవాడు అస్సీసికి చెందిన సన్యాసి ఫ్రాన్సిస్. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో తొట్టి, ఎండుగడ్డి, ఎద్దు, గాడిద తెప్పించి అక్కడే క్రిస్మస్ ఆరాధన జరిపించాడు. గడ్డి మీద పడుకోబెట్టిన పసివాడు ఎంత ఇబ్బంది పడ్డాడో జనం గమనించాలన్నది ఆయన తపన. మనం పెట్టుకునే పశువుల పాకల్లో లైట్లూ మెరుపులూ ఎక్కువై ఆ గడ్డి గుచ్చుకోవడం మానేసింది.

లూకా మరో చిన్న వివరం కూడా వదల్లేదు. కాన్పు తర్వాతి శుద్ధి దినాలు గడిచాక మరియ, యోసేపులు బిడ్డను యెరూషలేము దేవాలయానికి తీసుకెళ్లారు. ధర్మశాస్త్రం ప్రకారం ఏడాది గొర్రెపిల్లను అర్పించాలి. అంత స్తోమత లేనివాళ్లు రెండు గువ్వలనో, రెండు పావురపు పిల్లలనో ఇస్తే చాలు. వీళ్ల అర్పణ దగ్గర లూకా పేర్కొన్నది పక్షులనే. గొర్రెపిల్లను కొనలేని ఆ ఇంటి బిడ్డనే తర్వాత బాప్తిస్మమిచ్చు యోహాను "దేవుని గొర్రెపిల్ల" అని చూపించాడు.

తేదీ గురించి ఏటా గొడవ వస్తుంది కాబట్టి ఒక్క మాట. డిసెంబరు 25 అని సువార్తల్లో లేదు. ఆర్మేనియన్ సంఘం జనవరి 6న జరుపుకుంటుంది. తేదీ ఏదైనా తొట్టిలో ఉన్నది ఆయనే కదా.

గొల్లలు బిడ్డను చూశాక ఏం చేశారు? దేవుణ్ని మహిమపరుస్తూ మళ్లీ మందల దగ్గరికే వెళ్లారు. రోమా చక్రవర్తి కైసరు వేయించిన జనాభా లెక్క ఆగలేదు, సింహాసనం మీద హేరోదూ అలాగే ఉన్నాడు. యేసును నమ్ముకుంటే టెన్షన్లన్నీ ఎగిరిపోతాయని చెప్పే ప్రసంగాలు విన్నప్పుడల్లా నాకు ఈ తిరుగు ప్రయాణం గుర్తొస్తుంది. పైగా కేథలిక్, ఆంగ్లికన్ సంఘాల క్యాలెండర్‌లో క్రిస్మస్ మర్నాడే, 26న, విశ్వాసం కోసం రాళ్లదెబ్బలకు చనిపోయిన స్తెఫను రోజు. 28న హేరోదు చంపించిన బేత్లెహేము పసిపిల్లల జ్ఞాపకం. అప్పటికే యోసేపు బిడ్డనూ తల్లినీ తీసుకుని రాత్రికి రాత్రే ఐగుప్తుకు పారిపోయాడు.

అందుకే ఈ మధ్యే అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఈ ఏడాది పండుగ మాకెక్కడిది అని వెనకాడనక్కర్లేదు. కొత్త బట్టలు లేకపోయినా ఫరవాలేదు. పాట నోటికి రాకపోతే పాడేవాళ్ల పక్కన కూర్చోవచ్చు, మధ్యలో ఏడుపొస్తే ఏడవనూ వచ్చు.