రోబో కిట్లు పంపేవాళ్లు ముందు స్పేర్ల సంచి కట్టాలి

ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు) పరిధిలోని ఆశ్రమ పాఠశాలలకు రోబోటిక్స్ తీసుకెళ్లాలనుకునే హైదరాబాద్ కాలేజీ బృందాల కోసం ఈ పోస్టు. ఏ కిట్ కొనాలన్నది చిన్న విషయం. అది చెడిపోయిన రోజు అక్కడి పిల్లలే బాగుచేసుకోగలరా అన్నదే ముఖ్యం. కోఠి గుజరాతీ గల్లీలో అడగ్గానే దొరికే మోటార్ కోసం ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి మనిషి రావాలంటే రోజంతా ప్రయాణానికే పోతుంది. బడుల్లో ప్రయోగశాలల కోసం కేంద్రం పెట్టిన పథకం అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు ఇచ్చే 20 లక్షల్లో సగం ఏర్పాటుకు, మిగతా సగం ఐదేళ్ల నిర్వహణకు. మన చిన్న బడ్జెట్‌లోనూ నిర్వహణకు అలాగే వాటా తీసిపెట్టాలి.

చిన్న రోబో బండి చేయడానికి ముగ్గురు పిల్లలకు ఒక సెట్ చాలు: ప్రోగ్రాం ఎక్కించే బోర్డు ఆర్డుయినో యూనో, మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, బ్యాటరీతో నడిచే పసుపు రంగు బీఓ మోటార్లు రెండు, చక్రాలు రెండు, ఎటైనా తిరిగే చిన్న చక్రం (క్యాస్టర్) ఒకటి, ఇన్‌ఫ్రారెడ్ కాంతితో నలుపు తెలుపు గుర్తుపట్టే ఐఆర్ సెన్సర్లు రెండు, జంపర్ వైర్లు 40. పది సెట్లకు కనీసం ఆరు మోటార్లు అదనంగా ఇవ్వండి. వైరు అతికించే వాటి రాగి రేకులు చాలా పల్చన, వైరు లాగితే పుటుక్కున తెగుతాయి. సోల్డర్ చేశాక వైరును మోటార్ బాడీకి జిప్ టైతో బిగిస్తే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఒకటి, మల్టీమీటర్లు రెండు తప్పనిసరి.

ఎక్కువ సమయం తినేసేది బ్యాటరీ. చదరపు 9 వోల్టుల బ్యాటరీ రెండు మోటార్లకు కావలసినంత కరెంటు ఇవ్వలేదు. మోటార్లు తిరగబోగానే వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. బండి కాస్త కదిలి ఆగి, మళ్లీ కదులుతుంది. పిల్లలు తప్పు ప్రోగ్రాంలో ఉందనుకుని గంటలకొద్దీ దాన్నే వెతుకుతారు. బదులుగా రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ డబుల్ ఏ సెల్స్ ఆరు పెడితే 7.2 వోల్టులు వస్తాయి. మోటార్ డ్రైవర్ దాదాపు 2 వోల్టులు మింగినా మోటార్‌కు 5 వోల్టులు మిగులుతాయి. లిథియం 18650 సెల్స్‌కు బలం ఎక్కువే, కానీ షార్ట్ అయితే నిప్పంటుకుంటుంది. పిల్లలు పడుకునే హాస్టల్‌లో అవి వద్దు. బోర్డుకూ మోటార్ డ్రైవర్‌కూ గ్రౌండ్ (నెగటివ్ వైరు) కలిపారా అన్నది మాత్రం ప్రతిసారీ చూడాలి.

తక్కువ ధర యూనోల్లో కంప్యూటర్‌తో మాట్లాడటానికి ఎక్కువగా సీహెచ్340 చిప్ ఉంటుంది, దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేకపోతే కంప్యూటర్‌లో పోర్టే కనిపించదు. అక్కడ నెట్ ఉంటుందనుకోకండి. ఆ సాఫ్ట్‌వేర్, ప్రోగ్రాం రాసే ఐడీఈ రెండూ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ఫోన్‌తో నడపడానికి బ్లూటూత్ మాడ్యూల్ కూడా వాడితే, దాన్ని బోర్డు 0, 1 పిన్లకు కలిపి ఉంచినప్పుడు ప్రోగ్రాం ఎక్కదు. యూఎస్‌బీ సీరియల్ కూడా అవే పిన్లు వాడుకుంటుంది కాబట్టి అప్‌లోడ్ చేసేటప్పుడు మాడ్యూల్ వైర్లను తీసేయాలి.

లైన్ ఫాలోవర్‌ను (నల్ల గీత వెంట నడిచే బండిని) ఎండ పడే వరండాలో నడపొద్దు. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, సెన్సర్‌కు నలుపూ తెలుపూ ఒకటే అయిపోతాయి. గదిలోనే తెల్ల చార్టుపై నల్ల ఇన్సులేషన్ టేపు వేసి, తెలుపు మీద సెన్సర్ లైటు వెలిగేలా, నలుపు మీద ఆరేలా దాని మీది స్క్రూ తిప్పాలి. ఇది బండి నడిచే చోటే చేయాలి. హైదరాబాద్‌లో సరిచేసి తెచ్చిన అమరిక అక్కడ పనికిరాదు.

భాష గురించి కూడా ఆలోచించాలి. గోండి, కోయ, కొలామి ఇంట్లో మాట్లాడే ఆరో తరగతి పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. పాఠం చెప్పించాల్సింది తొమ్మిదో తరగతి పిల్లలతో, వాళ్ల భాషలోనే. మీరు ముందు వాళ్లకు, సైన్స్ టీచర్‌కు నేర్పండి. వైరింగ్ షీటును బొమ్మలతోనే ఇచ్చి, ఎరుపు 5 వోల్టులకు, నలుపు గ్రౌండ్‌కు అని ఏ సెట్‌లోనూ మార్చకండి. దీపావళి ముందు గోండుల దండారి పండుగ రోజుల్లో, పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర సమయంలో వర్క్‌షాప్ పెట్టొద్దు. పిల్లల మనసు ఊళ్లోనే ఉంటుంది, ఉండాలి కూడా.

కిట్లు బీరువాలో మూలపడటానికి పెద్ద కారణం స్టాక్ రిజిస్టర్. పోతే తామే కట్టాలన్న భయంతో టీచర్లు తాళం తీయరు. మోటార్లు, వైర్లు, సెన్సర్లు, సెల్స్ వాడితే అయిపోయే సామాను కిందే రాయించమని హెడ్‌మాస్టర్‌ను అడగండి. కిట్లు అప్పగించే రోజే, మీరు అక్కడ ఉండగానే ఆ ఎంట్రీ పడాలి.