కుర్సుర డెక్ దగ్గరే ఆగింది: చెక్క హల్, ప్లాస్టిక్ కేసింగ్, మధ్యలో పగులు

నేను కడుతున్న కుర్సుర సబ్‌మెరైన్ మోడల్ మళ్ళీ పగిలింది. అదే చోట. ముక్కు నుంచి సుమారు 90 మి.మీ. వెనక, కేసింగ్ (పైన కూర్చునే డెక్ తొడుగు) అంచు హల్‌ని, అంటే అసలు ఒడలుని, తాకే గీత వెంబడి. రాత్రి 1000 నంబర్ వాటర్ పేపర్‌తో రుద్ది, గోరు పెట్టి చూసుకుంటే ఎక్కడా తట్టలేదు. నల్ల ప్రైమర్ కొట్టి పడుకున్నాను. మర్నాడు భోజనానికి లేచే ముందు చూద్దును కదా, వెంట్రుకంత తెల్లగీత. పోనీ అలాగైనా ఉందా అంటే, రాత్రికి మూసుకుపోయింది! పగిలింది పగిలినట్టు ఉంటే పూడ్చి పారేయొచ్చు. పూటకో రకంగా ఉండే పగులుతో ఎవడు వేగుతాడు?

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: మన విశాఖ బీచ్ రోడ్డు మీది ఐఎన్ఎస్ కుర్సురని 1:144లో, అంటే అసలుదానికి 144వ వంతు సైజులో, కడుతున్నాను. అసలు సబ్‌మెరైన్ పొడవు 91.3 మీటర్లు, నాది 634 మి.మీ. వెడల్పు 7.5 మీటర్లు, నా లెక్కలో 52 మి.మీ. ఈ స్కేలే ఎందుకంటే, రోడ్డుకి అవతల నిలబెట్టిన టీయూ-142 విమానానికి ట్రంపెటర్ వాళ్ళ 1:144 కిట్ ఉంది. రెండింటినీ ఒకే బేస్ మీద, మధ్యలో రోడ్డుతో సహా పెట్టాలని కోరిక. 1:350లో కడితే అలమరాలో సులువుగా పడుతుంది గానీ ఎవరి కంట్లోనూ పడదు.

హల్ ఏటికొప్పాకలో చేయించాను. అంకుడు కర్రని రెండు ముక్కలుగా లేత్ మీద తిప్పించి, మధ్యలో 8 మి.మీ. చెక్క పిన్నుతో కలిపి, పైభాగం చిత్రిక పట్టి చదును చేశాను. చక్కగా వచ్చింది. లక్క పూయొద్దంటే మాత్రం ఆ మేస్త్రికి నచ్చలేదు, రంగు లేకపోతే అదేం బొమ్మ బాబూ అన్నాడు. పెరిస్కోపులు ఇంజెక్షన్ సూదులతో చేశాను, బాగున్నాయి. ప్రొపెల్లర్లు మూడూ అయిపోయాయి.

పేచీ అంతా కేసింగ్‌తోనే. పైన మనుషులు నడిచే చదునైన డెక్ ఉంటుంది కదా, దానికి 1 మి.మీ. స్టైరీన్ ప్లాస్టిక్ షీటు, పక్క గోడలకి 0.5. మొత్తం పొడవు 560 మి.మీ., ఒకటే ముక్క. దాన్ని చెక్క మీద నెమ్మదిగా గట్టిపడే అరాల్డైట్‌తో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అంటించాను. స్టైరీన్‌కి అరాల్డైట్ దానంతటది పట్టదు, అందుకని 120 నంబర్ ఎమెరీతో అడుగంతా గీకి మరీ పూశాను. అంచు వెంబడి సందుకి ఆటోనగర్‌లో కార్లకి వాడే ఎన్‌సీ పుట్టీ.

సహజంగానే మొదటి అనుమానం పుట్టీ మీదికి పోయింది. ఎన్‌సీ పుట్టీలో థిన్నర్ ఎగిరిపోయేకొద్దీ అది కుంచించుకుపోతుంది. మందంగా పెడితే పైన గట్టిపడి, లోపల రోజుల తరబడి మెత్తగానే ఉంటుంది. అందుకని గీకేసి, పొరకీ పొరకీ మధ్య పూర్తిగా ఆరనిచ్చి, పల్చగా పెట్టాను. పగిలింది. హార్డెనర్ కలిపే పాలియెస్టర్ బాడీ ఫిల్లర్‌కి మారాను. అది థిన్నర్‌తో ఆరేది కాదు, రసాయనికంగా గట్టిపడుతుంది కాబట్టి కుంచించుకోవడం చాలా తక్కువ. అదీ పగిలింది, అదే చోట. ఎంసీల్ కూడా పెట్టి చూశాను. పట్టు బ్రహ్మాండం. కానీ ఆరాక బండరాయి. దాన్ని రుద్దేలోపు పక్కనున్న ప్లాస్టిక్ అరిగిపోతోంది. సన్నటి సందులకి అది పనికిరాదని నా అభిప్రాయం. లోపల బరువుకీ పునాదికీ వాడుకోవాలంతే. మిలిపుట్ అనే మోడలింగ్ పుట్టీని హాయిగా రుద్దుకోవచ్చు గానీ, ధర చూస్తే రుద్దబుద్ధి కాదు.

రెండో అనుమానం తేమ. మన ఊళ్ళో కర్రతో పని చేసే ఎవరికైనా మొదట ఇదే తడుతుంది. కర్ర పొడవునా పెద్దగా మారదు గానీ, అడ్డంగా చెమ్మ పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే సన్నబడుతుంది. 52 మి.మీ. వెడల్పుకి 0.2, 0.3 మి.మీ. తేడా రావడం పెద్ద విషయం కాదు. డిజిటల్ హైగ్రోమీటర్ బల్ల మీదే పెట్టి రాసుకున్నాను. తెల్లవారుజామున 27 డిగ్రీలు, తేమ 84 శాతం. మధ్యాహ్నం రెండింటికి కిటికీ పక్కన 36 డిగ్రీలు, 61 శాతం. పగులు తెరుచుకునేది మధ్యాహ్నమే, అంటే గాలి పొడిగా ఉన్నప్పుడే. కర్ర ఆరి సన్నబడి సందు తెరుచుకుంటోందని తేల్చేసుకున్నాను.

మా బాబాయి స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఫీలర్ గేజ్ (సందు ఎంతుందో దూర్చి చూసే పల్చటి రేకుల గుత్తి) అడగడానికి గాజువాక వెళ్తే ఆయన నా నోట్‌బుక్ ఒకసారి తిరగేసి, "ఏట్రా ఇది? వేడి పెరిగినప్పుడే తేమ తగ్గుతోంది కదా, ఇందులో తప్పు దేనిదో నీకెలా తెలిసింది?" అన్నాడు.

నిజమే కదా. రెండూ ఒకేసారి ఎదురెదురుగా కదులుతుంటే ఈ నోట్‌బుక్ దేనికీ సాక్ష్యం కాదు. రెండింటినీ విడదీయాలి. మోడల్‌ని సిలికా జెల్ ప్యాకెట్లతో సహా మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి సీల్ చేశాను. లోపల తేమ 40కి దిగి అక్కడే నిలబడేదాకా ఆగాను. ఇప్పుడు తేమ స్థిరం, వేడి ఒక్కటే మారుతోంది. ఫలితం: రాత్రి ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర పగులు కనపడదు. మధ్యాహ్నం కిటికీ పక్కన ఠంచనుగా తెరుచుకుంది. సంచి విప్పీ విప్పగానే కొలిస్తే పగుల్లో 0.15 మి.మీ. రేకు దూరింది. పొద్దున్న అదే చోట 0.05 రేకు కూడా దూరలేదు. కర్ర నిర్దోషి.

ఇక ప్లాస్టిక్‌ని బోనెక్కించాను. 300 మి.మీ. స్టైరీన్ పట్టీ కోసి, ఉక్కు స్కేలు పక్కన పెట్టి, ఒక చివర రెండింటినీ కలిపి క్లిప్పు బిగించాను. ఏసీ గదిలో రెండో చివర సమానంగా రుద్దాను. తర్వాత 20 డిగ్రీలు ఎక్కువ వేడి ఉన్నచోట అరగంట ఉంచితే పట్టీ స్కేలుని దాటి ముందుకొచ్చింది. భూతద్దంలో వెర్నియర్‌తో కొలిస్తే మూడో వంతు మిల్లీమీటరు. లెక్కతోనూ సరిపోయింది. పాలీస్టైరీన్ డిగ్రీకి పది లక్షల్లో సుమారు 70 వంతులు పెరుగుతుంది, ఉక్కు 12 వంతులు. కర్ర పోగు వెంబడి 4, 5 వంతులే. అంటే నా 560 మి.మీ. కేసింగ్ 13 డిగ్రీల తేడాకి తన కింద ఉన్న కర్ర కంటే దాదాపు 0.47 మి.మీ. ఎక్కువ పొడవవుతుంది. కిటికీలోంచి నేరుగా ఎండ పడితే ఇంకా ఘోరం. నల్ల ప్రైమర్ మీద మల్టీమీటర్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఆనిస్తే 51 చూపించింది. (కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ గన్‌తో ప్రయత్నించకండి, 43 దాటితే అది చేతులెత్తేస్తుంది.) 25 నుంచి 51కి వెళ్తే తేడా దగ్గర దగ్గర ఒక మిల్లీమీటరు.

అర మిల్లీమీటరేగా అనిపిస్తుంది. కానీ రెండు చివర్లా బిగించిన పట్టీకి ముందుకు పోయే దారి ఉండదు, కాబట్టి పైకి లేస్తుంది. 110 మి.మీ. పట్టీలో పొడవు 0.1 పెరిగినా, జిగురు అడ్డం లేకపోతే నడుమ ఉబ్బు 2 మి.మీ. దాకా రావచ్చు. అరాల్డైట్ దాన్ని లాగి పట్టుకుంటోంది, ఎక్కడ పట్టు బలహీనంగా ఉందో అక్కడ వదిలేస్తోంది. ఆ పైనున్న పుట్టీ ఏ కంపెనీదైనా ఏం చేస్తుంది పాపం!

ఆ మాటకొస్తే అసలు కుర్సుర కూడా ఎండకి పెరుగుతుంది. 91.3 మీటర్ల ఉక్కు, ఒళ్ళు 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 22 మి.మీ. కాకపోతే దానికి పైనా కిందా ఒకటే లోహం, అన్నీ కలిసి కదులుతాయి. నా స్కేలులో అది 0.15 మాత్రమే. నా ప్లాస్టిక్ అంతకు మూడింతలు వేషాలేస్తోంది.

మందు ఏమిటి మరి? సాగే జిగురు అన్నారు కొందరు. ఎస్ఆర్ రకం కాంటాక్ట్ గమ్‌లో ఉన్న ద్రావకం స్టైరీన్‌ని తినేస్తుంది, తుక్కు ముక్క మీద చూశాను, చర్మం ముడతలు పడ్డట్టు అయింది. సిలికాన్ సాగుతుంది గానీ దాని మీద రంగు నిలవదు. ఫెవిక్విక్ అయితే అసలే పెళుసు, టప్పున ఊడిపోతుంది. జిగురుతో ఇది తేలదని అర్థమై, రైలు పట్టాల పద్ధతికి వచ్చాను. సందు వదలడమే. కేసింగ్‌ని మూడు ముక్కలుగా కోశాను. ఒక కోత కన్నింగ్ టవర్ (డెక్ మీద నిలువుగా లేచి ఉండే కట్టడం) అడుగున దాక్కుంది, రెండోది వెనక హ్యాచ్ గీతలో కలిసిపోయింది. ప్రతి ముక్కకీ నడుమ ఒక్క ఇత్తడి పిన్ను బిగించి, చివర్లలో పిన్నులకి పొడుగాటి రంధ్రాలు పెట్టాను, అటూ ఇటూ జరిగేలా. ముక్కకీ ముక్కకీ మధ్య 0.3 వదిలాను, అది బ్లేడు వీపుతో గీసిన ప్యానెల్ గీతలాగే కనిపిస్తుంది.

మధ్య ముక్క, వెనక ముక్క ఇప్పుడు కదలడం లేదు. ఎండలో పెట్టినా చెక్కు చెదరలేదు. ముందు ముక్క మాత్రం నేను మారనంటోంది. పగులు చిన్నదైంది, 0.05 రేకు మాత్రమే దూరుతోంది, కానీ ఉంది.

దీని మీద నా అనుమానం సోనార్ డోమ్, అంటే నీళ్ళలో శబ్దాలు పట్టే పరికరం మీది గోపురం. ముక్కు పైన ఆ గుండ్రటి గోపురాన్ని ఎంసీల్‌తో చేసినప్పుడు, ఊడిపోకుండా కేసింగ్‌కి బెజ్జం పెట్టి కింద కర్రలోకి వేరులా దించాను. అంటే ముందు ముక్కని నడుమ పిన్ను ఒకటి, ముక్కు దగ్గర డోమ్ ఒకటి, రెండూ పట్టుకున్నాయి. 210 మి.మీ. ముక్క 13 డిగ్రీలకి 0.18 పెరుగుతుంది. నడుమ మాత్రమే బిగిస్తే చెరో వైపు 0.09 జరిగి ఊరుకునేది. ఇప్పుడు పిన్నుకీ డోమ్‌కీ మధ్యభాగం జరగడానికి చోటు లేక ఉబ్బుతోంది, పగులు వస్తున్నదీ సరిగ్గా ఆ రెండింటి మధ్యే. మొదటి నుంచీ అదే చోట ఎందుకు పగిలిందో కూడా దీంతో తేలిపోతుంది. డోమ్‌ని కింద నుంచి డ్రిల్లుతో తొలిచి, కర్రతో తెంపి, కేసింగ్‌కి మాత్రమే అతికి ఉండేలా చేస్తాను. డోమ్ గీతలు పడకుండా బయటికొస్తే అదృష్టమే.

అప్పటికీ కుదరకపోతే స్టైరీన్‌కే నమస్కారం. 0.8 మి.మీ. ఏరోమోడలింగ్ ప్లైతో చేస్తే కర్ర మీద కర్ర, వేడి గొడవే ఉండదు. కానీ కేసింగ్ పక్కల వరసగా ఉండే నీటి కంతలు ప్లైలో కోస్తే అంచులు పీచులు లేస్తాయి, సూపర్ గ్లూ తాగించి రుద్దాలి. ఇత్తడి రేకు ఇంకో దారి. అది డిగ్రీకి పది లక్షల్లో 19 వంతులే పెరుగుతుంది, 560 మి.మీ.కి అదే 13 డిగ్రీలకి కర్రతో తేడా సుమారు 0.1 మాత్రమే. పైగా కంతలన్నీ సర్క్యూట్ బోర్డుల పద్ధతిలో ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఒకేసారి తినిపించొచ్చు, అన్నీ ఒకే కొలతలో వస్తాయి. చేత్తో కోసిన కంతల వరస ఎంత జాగ్రత్తపడినా వంకర తిరుగుతుంది. ఫెర్రిక్ క్లోరైడ్ మరక సింకు మీద పడితే ఇంట్లో ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? డాబా మీద పాత బకెట్లో చేయాలి.

కంతల లెక్కకి మ్యూజియంకి ఇంకోసారి వెళ్ళాలి. నా ఫోటోలన్నీ రోడ్డు మీది నుంచి ఏటవాలుగా తీసినవే, కొలతకి పనికిరావు. ఈసారి ఫ్రేములో నల్లా తెల్లా చారల మీటరు కర్ర పెట్టి, కంతల వరసకి ఎదురుగా నిలబడి తీస్తాను.  లోపల చూపించేవాళ్ళలో రిటైరైన నేవీ వాళ్ళు ఉంటారు. డోమ్ అడుగు అంచు డెక్‌తో కలిసే చోటు ఎలా ఉంటుందో వాళ్ళని అడగాలి.

టీయూ-142 కిట్ పెట్టె ఇంకా సీలు విప్పలేదు. అది ఎంఆర్ రకం, నీళ్ళ కింద ఉన్న సబ్‌మెరైన్లకి సందేశాలు పంపే విమానం. 2017 మార్చి దాకా అరక్కోణం నుంచి మన నేవీ నడిపినవి సబ్‌మెరైన్లని వేటాడే రకం. కాబట్టి పొట్ట కింద రాడార్ గోపురం నేనే చెక్కాలి. దానికి అంకుడు ముక్క మిగిలే ఉంది. కర్రతో అచ్చు చేసి, వేడి చేసిన ప్లాస్టిక్ షీటుని దాని మీద లాగి, ఆ డొప్పని కిట్‌కి అతికిస్తాను. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ కాబట్టి ఈ పగుళ్ళ గోల అక్కడ రాదు. రెక్కలు మాత్రం ఆ చివరి నుంచి ఈ చివరికి 347 మి.మీ., బేస్‌కి కనీసం రెండడుగుల పైన చెక్క కావాలి. 18 మి.మీ. మెరైన్ ప్లై ముక్క ఏదైనా దొరుకుతుందేమో వడ్రంగి దగ్గర అడిగి ఉంచాను.