సూది దిగిన చోట ఏముంది?

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఏళ్ల తరబడి చెయ్యెత్తి బోర్డు మీద రాయడం వల్ల కాబోలు, కుడి భుజం దగ్గర మొదలై మెడ మీదుగా తలకు ఎక్కే నొప్పి నన్ను ఆరు నెలలు వేధించింది. న్యూరాలజిస్టు స్కాన్ చూసి, వెన్నుపాము మీద గానీ నరాల మీద గానీ ఒత్తిడి లేదని, ఇది కండరాల బిగువేనని తేల్చిన తర్వాతే నేను ఆక్యుపంక్చర్‌కు వెళ్లాను. ఈ వరుసను ఎవరూ తలకిందులు చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎంబీబీఎస్ చదివి, ఆ పైన ఆక్యుపంక్చర్ నేర్చుకున్న డాక్టరు గారు ఆమె. గోడ మీది పటంలో ఉన్న మెరిడియన్ల గీతలను, అంటే ఒంట్లో శక్తి ప్రవహించే దారులని చైనా వైద్యం చెప్పే గీతలను చూపించి, "శరీరాన్ని కోసి చూస్తే ఇవి ఎక్కడా కనిపించవు కదా, మేడం?" అని అడిగాను. "కనిపించవండి. గీతలను పక్కన పెట్టి, సూది దిగే చోట లోపల ఏముందో చూడండి," అన్నారు. ఆ రోజు నుంచి ప్రతి సిట్టింగ్ తర్వాత ఇంట్లో అనాటమీ అట్లాస్ తెరవడం నాకు అలవాటయింది.

తలనొప్పితో పాటు వికారం కూడా ఉండేది కాబట్టి, ముందుగా మణికట్టు దగ్గర 'నేయ్‌గ్వాన్' అనే బిందువును ఎంచుకున్నారు. పిడికిలి బిగించి మణికట్టును కాస్త వంచమన్నారు. తాళ్లలా రెండు స్నాయువులు పైకి తేలాయి. మడత నుంచి మూడు వేళ్ల వెడల్పు పైన, ఆ రెండింటి నడుమ, పావు మిల్లీమీటరు మందం సూది దిగింది. గుచ్చుకున్నట్టు దాదాపు తెలియలేదు గానీ, ఆమె సూదిని మెల్లగా తిప్పగానే మొద్దుబారినట్టు ఒక బరువు అరచేతి వైపు పాకింది. చైనా వైద్యులు 'దెఛీ' అనే ఆ అనుభూతిని ప్రధానంగా కండరాల లోతుల్లోని సన్నటి నరపు పోగులు మోసుకెళతాయి. సరిగ్గా ఆ స్నాయువుల కిందే మీడియన్ నరం ఉంది. కరెంటు షాక్ కొట్టినట్టు అనిపిస్తే సూది నరానికే తగిలిందని అర్థం, వెంటనే చెప్పమన్నారు.

నాకు అన్నిటికన్నా విలువైన విషయం మెడ దగ్గర అర్థమైంది. పుర్రె అడుగున ట్రపీజియస్ కండరం పక్కనున్న గుంటలో సూది పెట్టినప్పుడు, మెడలో బిగువు ఉంటే నుదురు ఎందుకు నొస్తుందని అడిగాను. మెడ పైభాగపు నరాలు తెచ్చే సంకేతాలు, ముఖం నుంచి ట్రైజెమినల్ నరం తెచ్చే సంకేతాలు వెన్నుపాము పైకొసలో ఒకే చోట కలుస్తాయి; అందువల్ల మెడలోని బాధను మెదడు నుదుటి బాధగా పొరబడుతుంది. ఇన్నేళ్లూ నాడీవ్యవస్థ పాఠం చెప్పిన నేను ఈ సంగమాన్ని నా తలనొప్పితో ఎన్నడూ ముడిపెట్టుకోలేదు.

భుజం మీద మాత్రం ఆమె కండరాన్ని వేళ్లతో పైకి పట్టుకుని, సూదిని పైపైనే ఉంచారు. దాని కింద ఊపిరితిత్తి కొన ఉంటుంది. అనాటమీ తెలియని వారి చేతికి భుజం అప్పగించకండి.

నొప్పి తగ్గడం వెనుక మెదడు విడుదల చేసే ఎండార్ఫిన్లనే సహజ నొప్పి నివారక రసాయనాల పాత్ర ఉందనే ఆలోచనకు 1977 నాటి ఒక ప్రయోగం బలమిచ్చింది: పంటినొప్పి మీద సూది చూపిన ప్రభావం, ఎండార్ఫిన్లను అడ్డుకునే నాలొక్సోన్ అనే మందు ఇవ్వగానే తగ్గిపోయింది. అయితే జర్మనీలో జరిగి 2007లో వెలువడిన నడుమునొప్పి అధ్యయనంలో అసలు బిందువుల్లో సూదులు గుచ్చించుకున్నవారిలో 47.6 శాతం, వేరే చోట్ల పైపైన గుచ్చించుకున్నవారిలో 44.2 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతం మెరుగయ్యారు. అంటే గుచ్చడం, నమ్మకం, శ్రద్ధగా చూసుకోవడం కలిసి పనిచేస్తున్నాయి గానీ, పటంలోని చుక్క కచ్చితత్వానికి మనం ఇచ్చే ప్రాధాన్యం ఎక్కువేమో.

వారానికి రెండు చొప్పున 10 సిట్టింగులు పూర్తయ్యేసరికి, వారంలో నాలుగు రోజులు వచ్చే తలనొప్పి ఒక రోజుకు దిగింది. ఈలోగా మెడ వ్యాయామాలు మొదలుపెట్టాను, బోర్డు పైభాగంలో రాయడం మానేశాను. కనుక ఫలితమంతా సూదులదేనని చెప్పను. అవి కుట్టిన చోట ఏ నరం ఉందో మాత్రం ఇప్పుడు విద్యార్థులకు నా చేతి మీదే చూపిస్తున్నాను.